శరణమ్మ, కెంపి, రెండు గడ్డలు

చిరాగ్‌పల్లి దగ్గర బొంబాయి రోడ్డు మీద పోయే లారీ డ్రైవర్లలో శరణమ్మ పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఆమె రొట్టె తిననివాళ్లు ఇంకా తక్కువ. రోడ్డు దిగగానే రేకుల షెడ్డు, ముందు రెండు బల్లలు, లోపల కట్టెల పొయ్యి. జొన్నపిండి ముద్దను పీట మీద పెట్టి కుడి అరచేత్తో చరుస్తూ తిప్పిందంటే, డ్రైవరు ముఖం కడుక్కుని వచ్చి కూర్చునేలోపు రొట్టె పొంగి పళ్లెంలో పడేది. పక్కన పుంటికూర, పల్లీల కారం. ఆమె భర్త విరూపాక్ష జహీరాబాద్ మార్కెట్లో అల్లం బేరాలు కుదిర్చే మనిషి. మాటలన్నీ అక్కడే ఖర్చు చేసి ఇంటికి ఖాళీ నోటితో వస్తాడు. ఒక్కతే కూతురు రోజా. కోహీర్‌లో కాపురం, నెలకోసారి వచ్చి తల్లి చేతి రొట్టెలు మూటగట్టుకుని పోతుంది.

శరణమ్మకు ఊరందరి ఒంటి సంగతులూ కావాలి. ఎవరి మోకాలు నొస్తున్నదో, ఎవరి కోడలికి నెల తప్పిందో, ఏ డ్రైవరుకు షుగరు ఎక్కువైందో అన్నీ ఆమెకు తెలుసు. షుగరున్నవాడు బెల్లం ముక్క అడిగితే చేతిలోంచి లాక్కునేది. తన ఒంటి సంగతి వచ్చేసరికి మాత్రం నోరు కుట్టేసుకునేది. ఇలాంటి ఆడవాళ్లను మన ఇళ్లల్లో ఓర్పు గలవాళ్లని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలుతో ఎంతమందిని కాటికి సాగనంపామో లెక్కేసేవాడు లేడు.

ఒకరోజు స్నానం చేస్తుంటే కుడి రొమ్ములో, చంక వైపు, రేగుగింజంత గట్టిది చేతికి తగిలింది. నొక్కి చూసింది. నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని రోగం అని ఎవరితో చెప్పుకుంటామని చీర కట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. వానలు వచ్చి వెళ్లేసరికి ఆ రేగుగింజ కుంకుడుకాయంత అయింది. అప్పటికీ నొప్పి లేదు. భయం మాత్రం వచ్చింది.

భయం ఊరికే రాలేదు. శరణమ్మ అక్క నీలమ్మ సరిహద్దు అవతల బీదర్ వైపు పల్లెలో ఉండేది. ఆమెకూ ఇలాగే గడ్డ వచ్చింది. అది పగిలి చీము కారేదాకా దాచి, దాచలేని రోజున దవాఖానకు పోయింది. కోసి తీసేశారు. ఏడాది తిరగకుండా పోయింది. కత్తి తగలబట్టే గడ్డ ఒళ్లంతా పారిందని ఇంటిల్లిపాదీ అన్నారు. దవాఖానకు పోవడమే ఆలస్యమైందని ఒక్కరూ అనలేదు. పోయిన మనిషి మీద తప్పు వేయడానికి మనసొప్పదు కదా, కత్తి మీద వేశారు. శరణమ్మ ఆ మాటను అలాగే నమ్మింది. గడ్డను కదిలించకపోతే అది పడుకుని ఉంటుంది, కత్తి పెడితే లేస్తుంది, అంతే ఆమెకు తెలిసిన వైద్యం.

ఇక కెంపి సంగతి. అది రోడ్డు మీద కుక్క. ఎర్రటి ఒళ్లు కాబట్టి శరణమ్మ తన పుట్టింటి కన్నడంలో కెంపి అని పిలిచింది. పిల్లగా ఉన్నప్పుడు ఎవరో లారీలోంచి దింపిపోతే షెడ్డు కింద చేరింది. పెనం మీంచి దిగిన మొదటి రొట్టె దానిదే. వాకిట్లో తినేవాళ్లు ఎంత మంది ఉన్నా సరే, ముందు కెంపికి ముక్క పడాలి, తర్వాతే మనుషులకు. అది ఎన్ని ఈతలు ఈనిందో, ఎన్ని పిల్లలు లారీల కింద పడ్డాయో చెప్పుకుంటే పెద్ద కథ. ముసలితనం వచ్చాక షెడ్డు నీడ విడిచేది కాదు.

చలి మొదలైన రోజుల్లో కెంపి వెల్లకిలా పడుకుని ఎండ కాచుకుంటుంటే శరణమ్మ దాని పొట్ట మీద చేయి వేసింది. వెనక చన్ను దగ్గర ఏదో తగిలింది. వేళ్లతో చుట్టూ తడిమింది. రాయిలా ఉంది. ఆ గట్టిదనం ఆమె వేళ్లకు కొత్తది కాదు. రోజూ స్నానాల గదిలో తడుముకుంటున్నదే. పిండి చేతులతోనే అక్కడ కూలబడింది. లోపల రొట్టె మాడిపోతున్నదని డ్రైవరెవరో కేకేసేదాకా లేవలేదు.

శరణమ్మ పుట్టిన పల్లెలో వీరభద్రుడి గుడి ఉంది. అక్కడివాళ్లు ఏ పనైనా పూలు అడిగి చేస్తారు. దేవుడి రెండు భుజాల మీదా తడి పూలు అంటించి, మనసులో మాట చెప్పుకుని ఎదురుగా కూర్చుంటారు. కుడి పువ్వు రాలితే మంచిది, ఎడమది రాలితే మానుకోవాలి. పెళ్లిసంబంధం, బావి తవ్వకం, గేదె బేరం, దేనికైనా అంతే. దానికి రెండు కట్టుబాట్లున్నాయి. కష్టమున్న మనిషి రాలేకపోతే ఆ మనిషి తరఫున ఇంకొకరు కూర్చుని అడగొచ్చు. ఒకసారి జవాబు వచ్చాక అదే ప్రశ్న మళ్లీ అడగకూడదు. అడిగితే దేవుడి మాట నమ్మనట్టు. చిన్నప్పటి నుంచీ ఆ గుడి మెట్ల మీద పెరిగిన బుర్ర శరణమ్మది. కెంపి పక్కన కూర్చుని ఆమె ఆలోచించింది కూడా ఆ దారిలోనే. తను దవాఖానకు పోనక్కరలేదు. తన తరఫున కెంపి పోతుంది.

ఆ రాత్రి విరూపాక్షతో అంది. "కెంపికి గడ్డ లేసింది. పశువుల దవాఖానకు తీస్కపోవాలె. రేపు ఆటో మాట్లాడు."

విరూపాక్ష పెదవి విరిచాడు. "రోడ్డు మీది కుక్కకు ఆటోనా? నాకు మోకాళ్లు పట్టినప్పుడు బస్సుల పొమ్మన్నవు."

"నీ మోకాళ్లు రాత్రికి సర్దుకున్నయి. ఇది సర్దుకునేది కాదు."

ఆమె గొంతులో ఏదో తేడా ఉందని ఆయనకు అనిపించకపోలేదు. అడగలేదు. ఆ ఇంట్లో అడగడం అనే అలవాటు ఎవరికీ లేదు.

జహీరాబాద్ పశువుల దవాఖానలో ఆ రోజు మామూలు డాక్టరుతో పాటు స్వప్న అనే అమ్మాయి ఉంది. మొగుడంపల్లి రైతు బిడ్డ. పశువైద్యం చదివి, హైదరాబాద్‌లో పై చదువు చదువుతూ, కుక్కల్లో, పిల్లుల్లో వచ్చే రొమ్ము క్యాన్సరు మీద పరిశోధన చేస్తోంది. ఇంటికి వచ్చినప్పుడల్లా ఈ దవాఖానకు వచ్చి, గడ్డలున్న జంతువులు కనిపిస్తే డాక్టరుతో కలిసి ఆపరేషన్ చేసి, తీసిన గడ్డను మందునీళ్ల సీసాలో వేసుకుని పోతుంది. అక్కడ దాన్ని పొరలు పొరలుగా కోసి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద చూస్తుంది. ఏ గడ్డ మంచిది, ఏది చెడ్డది, తీసేశాక ఏ జంతువు ఎన్నాళ్లు బతికింది అన్నది ఆమె చదువు.

వాళ్ల ముందు కోహీర్ నుంచి వచ్చిన మదన్‌మోహన్ సారు కూర్చుని ఉన్నాడు. రిటైరైన టీచరు. ఒళ్లో తువాలు చుట్టిన తెల్ల పిల్లి. స్వప్న ఆ పిల్లి పొట్ట చూసి, ఊపిరి విని, తువాలు మళ్లీ తనే చుట్టింది.

"సార్, ఊపిరితిత్తులకు పాకింది. పిల్లులల్ల ఈ గడ్డ వచ్చిందంటే చాలా మట్టుకు చెడ్డదే అయితది. కోసినా లాభం లేదు. నొప్పి తెల్వకుండ మందు ఇస్త."

మదన్‌మోహన్ సారు తల ఊపాడు. జేబులోంచి రుమాలు తీసి పిల్లి కళ్లు తుడిచి, అదే రుమాలుతో తన కళ్లద్దాలు తుడుచుకుని, బయటికి నడిచాడు. శరణమ్మ ఆయన పోయిన వైపే చూస్తూ ఉండిపోయింది.

కెంపిని బల్ల మీదికి ఎక్కించాక స్వప్న గడ్డ చుట్టూ వేళ్లు పెట్టి చూసింది. తీసేయాలంది. చెడ్డదో మంచిదో చేత్తో చెప్పలేమని, పరీక్షలోనే తెలుస్తుందని అంది.

శరణమ్మ అడిగింది. "డాక్టరమ్మా, ఇది కుక్కలకే వస్తదా, మనుషులకు గూడ వస్తదా?"

స్వప్న ముఖం వెలిగింది. తన చదువు గురించి అడిగేవాళ్లు ఆమెకు ఎక్కడ దొరుకుతారు పాపం. "మంచిగ అడిగినవు అమ్మా. ఆడోళ్లకొచ్చే దానికీ వీటికొచ్చే దానికీ మస్తు పోలికలున్నయి. అందుకే మేం చదువుతున్నం. కుక్క బతుకు చిన్నది కద, మనిషికి పదేండ్లల్ల తెలిసేది దీని దగ్గర ఏడాదికో రెండేండ్లకో తెలుస్తది. పిల్లులది మనుషులల్ల మొండి రకం ఉంటది చూడు, దాని లెక్క ఉంటది. కుక్కలల్ల సగం మంచియే, సగం చెడ్డయి."

చదువుకున్న అమ్మాయి చెప్పిన మాటలో అబద్ధం ఒక్కటి కూడా లేదు. విన్న మనిషి అందులోంచి తనకు కావలసిన ముక్క విరుచుకుంది. పిల్లి సంగతి చెవిన పెట్టలేదు. పిల్లీ వచ్చింది, కుక్కా వచ్చింది, తనది కుక్క. మనిషికి పదేళ్లలో తెలిసేది కెంపి ముందుగా చెప్పేస్తుంది. శరణమ్మకు దారి దొరికినట్టయింది.

ఆపరేషన్ రోజున బయట కూర్చోమంటే వినలేదు. కెంపి తల తన రెండు చేతుల్లో పట్టుకుని నిలబడింది. మత్తు ఎక్కి దాని నాలుక పక్కకు జారింది. స్వప్న కత్తి పెట్టినప్పుడు విరూపాక్ష ముఖం తిప్పుకుని గోడ మీది పశువుల బొమ్మలు చూడసాగాడు. శరణమ్మ రెప్ప వేయలేదు. నీలమ్మను ఇలాగే కోసి ఉంటారని అనుకుంది. నెత్తురు అనుకున్నంత రాలేదు. తెల్లటి గడ్డ ఒకటి బయటికి వచ్చి సీసాలో పడింది. ఇంత చిన్నదానికా ఇన్ని నెలలు నిద్ర మానుకున్నానని ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది.

కుట్లు నాకకుండా కెంపి మెడకు పాత ప్లాస్టిక్ బకెట్టు అడుగు కోసి తొడిగారు. అది బకెట్టుతోనే షెడ్డంతా తిరిగి బల్లలకు గుద్దుకుంటుంటే డ్రైవర్లు నవ్వారు. శరణమ్మ ఎవరినీ నవ్వొద్దనలేదు. రోజూ కుట్లు చూసేది. ఈ రోజు పారుతుందేమో, ఈ రోజు ఇంకోచోట లేస్తుందేమోనని పొట్టంతా తడిమేది. ఏమీ లేవలేదు. గాయం ఎండింది, కుట్లు విప్పారు, బకెట్టు తీసేశారు. కెంపి మొదటి రొట్టె తిని రెండోదాని కోసం ముట్టె చాపింది.

కత్తి పెట్టినా కెంపి చావలేదు. అంటే కత్తి చంపదు. శరణమ్మ ఆ మాటను నాలుగు రోజులు లోపలే తిప్పుకుంది. తర్వాత రోజాకు ఫోను చేసింది.

"రోజా, వచ్చే సోమారం నువ్వు జర రావాలె. హైదరాబాద్ పోదాం. దవాఖానల చూపిచ్చుకునేది ఉంది."

"ఎవలికే అవ్వా? ఏమైంది?"

"వచ్చినంక చెప్త. మీ నాయనకు చెప్పకు."

పెట్టెలోంచి మంచి చీర తీసి దులిపి దండెం మీద వేసింది. జీవితంలో తన ఒంటి కోసం ఆమె వేసిన అడుగు ఇదొక్కటే. దాని మీద ఆమెను నిలబడనిస్తే ఈ కథ రాయవలసిన పనే ఉండేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం స్వప్న స్కూటీ మీద షెడ్డు ముందు దిగింది. హెల్మెట్ తీయకముందే చెప్పింది. "అమ్మా, రిపోర్టు వచ్చింది. కెంపిది మంచి గడ్డ. క్యాన్సర్ కాదు. ఇగ బేఫికర్."

శరణమ్మ చేతిలోని పిండి ముద్ద పీట మీద పడింది. పొయ్యి ముందే కూర్చుని ఏడ్చింది. నవ్వుతూ ఏడ్చింది. కుక్క మీద ఇంత ప్రేమ ఉన్న మనిషిని స్వప్న ఇంతవరకు చూడలేదు. దగ్గర కూర్చుని భుజం నిమిరింది. రొట్టెలు తిని, చాయ్ తాగి, పోయేముందు ఒక మంచి మాట కూడా చెప్పింది.

"నువ్వు గూడ ఒకసారి చూపిచ్చుకో అమ్మా. నీ వయసు ఆడోళ్లు ఏడాదికోసారి చూపిచ్చుకోవాలె."

"నాకేం బిడ్డా, గట్టిగున్న," అంది శరణమ్మ. అబద్ధం ఆడుతున్నానన్న దిగులు ఆమె ముఖంలో లేదు. ఎందుకంటే ఆ క్షణాన ఆమెకు అది అబద్ధం కాదు. కుడి పువ్వు రాలింది. జవాబు వచ్చేసింది.

సాయంత్రం రోజాకు ఫోను చేసి రావద్దంది. ఎందుకని రోజా అడిగితే, అంతా మంచిగైందని, ఇక అడగవద్దని చెప్పింది. చీర మడతపెట్టి పెట్టెలో పెట్టింది.

చెడ్డ కబురు వచ్చి ఉంటే శరణమ్మ బతికేది. ఈ ముక్క రాయడానికి చేయి ఆడదు, కానీ నిజం ఇదే. కెంపి గడ్డ చెడ్డదని తేలి ఉంటే, చెడ్డదాన్ని కోసినా బతికింది కాబట్టి తానూ కోయించుకునేది. మంచిదని తేలడం వల్ల ఊరుకుంది. దేవుడు మంచి చెప్పాక మళ్లీ పోయి అడగడం అపచారం. హైదరాబాద్ దవాఖానకు పోవడమంటే ఆమె లెక్కలో అదే ప్రశ్న రెండోసారి అడగడం.

ఆ ఏడాది ఆమె ఎంత సంతోషంగా ఉందో చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. గడ్డ పెరుగుతున్నా బెదరలేదు. మంచి గడ్డ కూడా పెరుగుతుందని తనకు తానే చెప్పుకుంది. చర్మం లోపలికి గుంజుకుంది. అదీ మంచికే అనుకుంది. మళ్లీ వానలు పడేసరికి కుడిచేయి వాచింది. రొట్టె చరుస్తుంటే చంకలోంచి వేళ్ల దాకా పోటు దిగేది. గుండ్రంగా వచ్చే రొట్టె ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా రాసాగింది. అవ్వకు ముసలితనం వచ్చిందని డ్రైవర్లు ఆట పట్టించారు. విరూపాక్ష అడిగితే నరం పట్టిందంది. ఆయన కొబ్బరినూనె వేడిచేసి ఇచ్చి, తన బాధ్యత తీరిందనుకుని మార్కెట్‌కు పోయాడు.

ఆపరేషన్ చేసిన కుక్కలు ఎలా ఉన్నాయో చూడడం కూడా స్వప్న చదువులో భాగమే. ఏడాది దాటాక కెంపిని చూడడానికి వచ్చింది. కెంపి మంచం కిందినుంచి తోక ఊపుకుంటూ వచ్చింది. ముసలిదే, కానీ నున్నగా ఉంది. స్వప్న దాని పొట్టంతా తడిమి, ఊపిరి విని, సంతోషపడి తల ఎత్తింది. అప్పుడు చూసింది శరణమ్మ చేతిని. మోచేతి నుంచి వేళ్ల దాకా ఉబ్బి, గాజులు కండలో దిగబడి ఉన్నాయి.

"చేతికేమైంది అమ్మా?"

"నరం పట్టిందమ్మా."

స్వప్న ఆమెను లోపలికి తీసుకుపోయి పరదా వేసింది. శరణమ్మ తనే జాకెట్టు హుక్కులు విప్పింది. మొగుడికి, కూతురికి చూపనిది పశువుల డాక్టరుకు చూపింది. అదీ భయపడి కాదు. పక్కింటావిడకు ముగ్గు చూపినంత తేలికగా చూపింది.

"కెంపికున్నట్టే ఉండె. అట్లనే గట్టిగ. దానిది మంచిదన్నవు కద, అందుకే ఊకున్న."

స్వప్న వేళ్లు గడ్డ మీద ఆగిపోయాయి. చంకలోకి పోయాయి. మెడ ఎముక పైకి పోయాయి. ఎన్నో కుక్కల ఒంటి మీద అలవాటైన వేళ్లు అవి, అవి పొరబడవు. ఆ అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడింది.

"అమ్మా, కెంపిది కెంపిదే. కుక్కలల్ల గడ్డ లోపల ఎముక లాంటిది పుట్టి గట్టిగైతది, అది మంచిదే. మనుషులల్ల అట్ల కాదు. గట్టిగుంటే భయపడాలె."

"రెండిటికీ పోలికలున్నయన్నవు."

"అన్న."

"మనిషి కన్న ముందు కుక్క చెప్తదన్నవు."

"అన్న అమ్మా. ఈ కుక్క ఈ మనిషికి చెప్తదని అనలే. అన్నిట్ల చూసి, వేలల్ల చూసి, తర్వాత ఎప్పుడో మనుషులకు పనికొస్తదని అన్న."

శరణమ్మ హుక్కులు పెట్టుకోవడానికి చూసింది. వాచిన వేళ్లకు హుక్కు అందలేదు. స్వప్న వంగి ఒక్కో హుక్కూ పెట్టింది. పెడుతూ ఏడ్చింది. శరణమ్మ ఎడమచేత్తో ఆ పిల్ల తల నిమిరింది. ఎవరు ఎవరిని ఓదార్చాలో ఆ గదిలో తలకిందులైంది.

ఆ సాయంత్రమే స్వప్న విరూపాక్షను మార్కెట్ నుంచి పిలిపించి అన్నీ చెప్పింది. హైదరాబాద్ దవాఖానలో వారం రోజులు ఈ గదిలోంచి ఆ గదిలోకి తిప్పారు. రోజా వెంట ఉంది. ఎముకల్లోకి, కాలేయంలోకి దిగిందన్నారు. కోయడానికి లేదు, నొప్పికి మందులు రాస్తాం, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఏడాదిన్నర ముందు వచ్చి ఉంటే సంగతి వేరుగా ఉండేదని కూడా అన్నారు. ఆ మాట చెప్పకపోయినా సరిపోయేది, కానీ డాక్టర్లు చెప్తారు.

బస్సు దిగి షెడ్డు దాకా నడుస్తూ విరూపాక్ష అన్నాడు. "నాకు ఒక్క మాట చెప్పకపోతివి."

"నువ్వు ఒక్క మాట అడగకపోతివి," అంది శరణమ్మ. కోపంగా అనలేదు. ఆయన మాత్రం ఆ మాట మింగలేక రోడ్డు పక్కనే ఆగిపోయాడు. లారీలు పోతున్నాయి. ఆమె ఒక్కతే మెల్లగా ముందుకు నడిచింది.

తర్వాత రోజులు బాగాలేవు. షెడ్డు మూతపడింది. మంచం మీద శరణమ్మ ఒక పక్కకే పడుకోగలిగేది. మందు దిగిపోగానే నోట్లో కొంగు కుక్కుకునేది. రోజా కోహీర్‌లో ఇల్లు విడిచి తల్లి దగ్గరే ఉండిపోయింది. జావ తాగించడం, ఒళ్లు తుడవడం, గడ్డ పగిలిన పుండు కడగడం, అన్నీ ఆ పిల్లే. విరూపాక్ష మార్కెట్‌కు పోవడం మానేసి గడపలో కూర్చున్నాడు. ఇప్పుడు గంటకోసారి అడుగుతాడు. నీళ్లు కావాలా, నొస్తున్నదా, కిటికీ మూయాలా అని. అడగడం ఆయనకు ఎంత ఆలస్యంగా వచ్చిందో తలచుకుంటే తిట్టాలో జాలిపడాలో తెలియదు.

ఒక పొద్దున ఒళ్లు తుడుస్తున్న రోజా చేతిని శరణమ్మ పట్టుకుంది. రెండు రోజులుగా పిల్లను గమనిస్తోంది. ఎడమ చేయి పైకి ఎత్తడంలేదు. బిందె కుడి చంకనే పెట్టుకుంటోంది.

"ఏంది అది?"

"ఏం లేదే అవ్వా."

"ఏంది అది, రోజా?"

రోజా తడిగుడ్డ పిండుతూ ఉండిపోయింది. పిండడానికి అందులో నీళ్లు లేకపోయినా పిండింది. "చిన్నది. చంకల. నువ్వు హైదరాబాద్‌ల ఉన్నప్పుడే తగ్లింది."

శరణమ్మ కళ్లు మూసుకుంది. ఒంట్లో నొప్పి మాట మరిచిపోయింది. "ఎవలికన్న చెప్పినవా?"

"చెప్పలే. నీకు ఎట్లయితదో చూసి పోదామనుకున్న. నీకు మందులకు తగ్గితే నాది గూడ తగ్గుతది కద అని."

గడపలో కూర్చున్న విరూపాక్ష లేచి నిలబడ్డాడు. శరణమ్మ ఎడమ మోచేయి ఆనించి, పళ్లు బిగించి, మంచం మీద లేచి కూర్చుంది. నెల రోజులుగా ఎవరి సాయం లేకుండా లేవని మనిషి లేచింది. కూతురి చెంప మీద కొట్టబోయి, చేయి లేవక, ఆ చెంపనే అరచేత్తో పట్టుకుంది.

"నా ఒంటిల చూసుకుంటవా నీ రోగం? నేను కుక్కల చూసుకున్న. నాది నాదే, నీది నీదే. లే. ఇప్పుడే పోవాలె."

"నిన్ను ఇట్ల విడిచి యాడికి పోత అవ్వా?"

"విడువకు. నేను గూడ వస్త."

ఎవరు చెప్పినా వినలేదు. విరూపాక్ష జీపు మాట్లాడుకొచ్చాడు. వెనక సీటులో పరుపు వేసి శరణమ్మను పడుకోబెట్టారు. సదాశివపేట దాటేదాకా ఒక్కో గుంతకూ ఆమె గొంతులోంచి మూలుగు వస్తూనే ఉంది. ఆపమని ఒక్కసారి కూడా అనలేదు. హైదరాబాద్ దవాఖాన మెట్లు ఎక్కే శక్తి ఆమెకు లేదు. తన కోసం వచ్చినప్పుడు ఏం చెప్పారో ఆ మెట్ల మీదే విన్నది. జీపులోనే ఉంటానని, తండ్రిని వెంటబెట్టుకుని లోపలికి పొమ్మని చెప్పింది.

రోజా దిగింది కానీ కదల్లేదు. తలుపు పట్టుకుని నిలబడింది. నలభై కూడా నిండని పిల్ల, చిన్నప్పుడు జాతరలో తప్పిపోయి దొరికిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది.

"అవ్వా, మంచిదే అని వస్తదా?"

వస్తుందని అనాలని శరణమ్మకు నాలుక చివరిదాకా వచ్చింది. ఒక మంచి మాట ఏం చేస్తుందో ఆమెకంటే తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

"నాకెట్ల ఎరుక బిడ్డా. లోపలికి పోయి అడుగు," అని, తలుపు మీది రోజా వేళ్లను ఒక్కొక్కటిగా విడిపించింది.